కురొసావా ‘వీధికుక్క’: గుణదోష విచారము

అపరాధ పరిశోధన కథను విమర్శించువారు సాధారణముగా ఒకే కొలబద్దను చేతబట్టుదురు. చిక్కుముడి ఎంత గట్టిగా వేయబడినది, అది విప్పబడిన తీరు ఎంత న్యాయముగా నున్నది, నేరస్థుని పేరు కడవరకు దాగినదా లేదా అను మూడు ప్రశ్నలకు సమాధానము దొరకగానే విమర్శ ముగిసినట్లు తలంతురు. ఒక జాతి రచనలకు ఈ కొలబద్ద చాలును. కాని నేరస్థుని పేరు నడుమనే తెలిసిపోయి, అటుపైననే అసలు కథ బలపడు రచనలు కొన్ని కలవు. వానిని ఈ కొలబద్దతో కొలిచిన విమర్శకుని చేతికి ఏమియు చిక్కదు. జపాను దర్శకుడు అకిరా కురొసావా 1949లో తీసిన నలుపు తెలుపు చిత్రము ‘నోరా ఇను’, అనగా ‘వీధికుక్క’, అట్టి రచనలలో ముఖ్యమైనది.

ఈ చిత్రమునకు లోకములో గొప్ప పేరు కలదు. అయినను దర్శకుడే ఒక సందర్భమున దీనిని తక్కువ చేసి మాటలాడినాడు. ఇందు సాంకేతిక కౌశలము మితిమీరినదనియు, దానికి తగిన ఆలోచన లేదనియు ఆతని ఫిర్యాదు. తరువాతి కాలమున వ్రాసిన ఆత్మకథలో ఆతడే ఈ చిత్రీకరణ దినములను సంతోషముతో తలచుకొన్నాడు. కర్త అభిప్రాయము విమర్శకునకు సాక్ష్యమే గాని తీర్పు కాదు. చిత్రమును నిదానముగా చూచినచో ఆ ఫిర్యాదు సగము మాత్రమే నిజమని తోచును. దోషములు కలవు. కాని అవి ఆలోచన లేకపోవుటవలన కలిగినవి కావు. ఉన్న ఆలోచనను చిత్రము కొన్నిచోట్ల నోటితో చెప్పివేయుటవలన కలిగినవి. ధ్వనించినచోట ఈ చిత్రము గొప్పది, వాచ్యమైనచోట తగ్గినది. ఈ వ్యాసమునకు ఇదియే ప్రతిపాద్యము.

కథ స్వల్పము. యుద్ధానంతరపు టోక్యో నగరము. వేసవి. మురకామి యను యువకుడు కొత్తగా అపరాధ పరిశోధక శాఖలో చేరినవాడు. గురి అభ్యాసము ముగించుకొని, క్రిక్కిరిసిన బస్సులో తిరిగివచ్చుచుండగా ఆతని జేబులోని కోల్టు పిస్తోలును ఎవరో తస్కరింతురు. అందు ఏడు తూటాలు కలవు. ఆతడు రాజీనామా పత్రమును పై అధికారి ముందుంచును. అధికారి దానిని అంగీకరింపడు. పిస్తోలును వెదకుచు మురకామి మొదట ఒక జేబుదొంగ స్త్రీని దినమంతయు వెన్నాడును. ఆమె విసిగి చెప్పిన చిన్న జాడను పట్టుకొని, చినిగిన సైనిక దుస్తులు ధరించి చీకటి బజారులందు తిరుగును. అచట పిస్తోళ్లు అద్దెకు దొరకును. తాకట్టుగా బియ్యపు రేషను కార్డు నుంచవలెను. ఇంతలో పోయిన పిస్తోలుతోనే ఒక యువతిని గాయపరచి ఎవరో ధనము దోచికొందురు. అనుభవజ్ఞుడైన సాతో యను పెద్ద పరిశోధకుడు మురకామికి తోడగును. ఇరువురును కలసి రేషను కార్డు ఆధారముగా యూసా యను నిరుద్యోగి పేరును కనుగొందురు. అటుపైని ఒక గృహిణి హత్యకు గురియగును. సాతో సైతము తూటా దెబ్బ తినును. తుదకు మురకామి ఒంటరిగా యూసాను ఒక రైలుస్టేషనులో గుర్తించి, అడవి పొదలలో తరిమి పట్టుకొనును.

మురకామిగా తొషీరో మిఫూనే, సాతోగా తకాషి షిమురా, యూసాగా ఇసావో కిమురా నటించిరి. దర్శకునితో కూడి ర్యూజో కికుషిమా కథనమును రచించెను. ఛాయాగ్రహణము అసకజు నకాయ్‌ది. సంగీతము ఫుమియో హయసాకాది. చిత్రము నిడివి రెండు గంటలకు పైమాట.

మొదట గుణములను విచారింతము. ఈ చిత్రమునకు ప్రాణము ఏడు తూటాల లెక్క. సామాన్యమైన అపరాధ కథలో వస్తువు జాడగా మాత్రమే ఉపకరించును; జాడ తెలియగానే దాని పని తీరును. ఇచట పిస్తోలు జాడయు, అపరాధమును, శిక్షయు తానే యైనది. పేలిన ప్రతి తూటాయు మురకామి ఖాతాలో ఒక ఋణముగా వ్రాయబడుచున్నది. గాయపడిన యువతి ఒక తూటా. మరణించిన గృహిణి మరియొకటి. సాతో శరీరమున దిగినవి ఇంకను కొన్ని. మిగిలినవెన్ని యను ప్రశ్న ప్రేక్షకుని మనస్సున నిరంతరము మెదలుచుండును. నీతిని గూర్చి ఒక్క మాటయు చెప్పకుండ బాధ్యత యను భావమును అంకెలలోనికి మార్చిన కల్పన ఇది. కడపట యూసా మురకామిపై మూడుమారులు కాల్చును. ఒక తూటా చేతిని గాయపరచును, రెండు తప్పిపోవును. తూటాలు అయిపోయినవి. ఋణము తీరినది. తీరిన క్షణమున మురకామి ఒడలినుండి నెత్తురు కారుచున్నది. ఈ అర్థమును ఏ పాత్రయు ఉచ్చరింపదు.

ఈ లెక్కకు ఆధారముగా నిలిచిన పరిశోధన సన్నివేశములును మెచ్చదగినవి. నేరస్థలమున దొరకిన తూటా తన పిస్తోలుదేనా యని నిర్ధారించుటకు మురకామి గురి అభ్యాసస్థలమునకు పరుగెత్తి, తాను కాల్చిన తూటాను ఒక చెట్టు మోడునుండి త్రవ్వి తెచ్చును. రెండు తూటాల గీతలు సూక్ష్మదర్శినిలో సరిపోలును. పద్ధతి శాస్త్రీయమైనది, కాని సన్నివేశముయొక్క బలము శాస్త్రమునందు లేదు. పరిశోధకుడు సాధారణముగా ఇతరుల అపరాధమునకు ఋజువు వెదకును. ఇచట ఆతడు తన అపరాధమునకే ఋజువు వెదకి, చెమటలు గ్రక్కుచు తన చేతులతో తెచ్చి బల్లపై పెట్టుచున్నాడు. అపరాధ పరిశోధన ఆత్మపరిశోధనగా మారుట ఈ మోడు దగ్గరనే.

రెండవ గుణము ఉద్దీపన విభావమును నడిపిన నేర్పు. అలంకారశాస్త్రము చంద్రోదయము, వసంతము మొదలగువానిని ఉద్దీపనములుగా పేర్కొన్నది. ఈ చిత్రమున ఆ పని ఎండ చేయుచున్నది. మొదటి చిత్రఖండముననే నాలుక వ్రేలవైచి రొప్పుచున్న కుక్క ముఖము కనబడును. అది మొదలు పాత్రలు విసనకఱ్ఱలు విసరుచు, చేతిరుమాళ్లతో మెడలు తుడుచుకొనుచు, చొక్కాలు వీపునకంటుకొనగా తిరుగుచుందురు. నృత్యశాల తెరవెనుక నాట్యకత్తెలు నేలపై పడి ఊపిరి పీల్చుకొను దృశ్యము ఒక్కటి చాలును, ఆ నగరపు అలసటను తెలుపుటకు. నలుపు తెలుపు ఛాయలలో ఎండను చూపుట సులభము కాదు. తెల్లని దుస్తులు, తెల్లని గోడలు, నల్లని చెమట మరకలు, వీనితోనే నకాయ్ కెమెరా ఆ ఉష్ణమును సాధించినది. రంగులు లేకపోవుట ఇచట లోపము కాదు. తెలుపంతయు ఎండయై, నలుపంతయు నీడ కాక మురికియై తోచుచున్నది.

మూడవది నేరస్థుని అదృశ్యరూపమున చిత్రించుట. యూసా ముఖము చిత్రము చివరి భాగమున గాని స్పష్టముగా కనబడదు. అంతవరకు ఆతడు విడిచిన గుర్తులే ఆతని పాత్రచిత్రణము. పీపాలు చేయువాని ఇల్లాలైన అక్క ఇంట ఆతడుండిన చీకటి మూల. వానలో తనను వెంబడించిన పిల్లికూనను చంపితినని వ్రాసికొన్న కాగితము. యుద్ధమునుండి తిరిగివచ్చునపుడు రైలులో వీపుసంచి పోగొట్టుకొన్న నాటినుండి తమ్ముడు మారిపోయెనని అక్క చెప్పు మాట. హరుమి యను నాట్యకత్తెకు ఆతడు తెచ్చియిచ్చిన విలువైన దుస్తులు. హతురాలైన గృహిణి పెంచిన టమాటా మొక్కలను ఆమె భర్త దుఃఖముతో పెరికివైచిన పెరడు. ఒక మనిషిని చూపకయే ఆతని జీవితమును, ఆతడు చేసిన ధ్వంసమును ప్రక్కప్రక్కన నిలిపి, జాలికిని కోపమునకును సమానముగా చోటిచ్చిన శిల్పమిది. జాలి కలిగినందున టమాటా పెరడు మరపునకు రాదు. పెరడు చూచినందున పిల్లికూన కాగితము అబద్ధము కాదు.

నాల్గవ గుణము తుది సన్నివేశమునందలి ధ్వనియోజన. ఇచట ధ్వని యను మాట రెండర్థములందును చెల్లును. చెట్లనడుమ ఇరువురును ఎదురుపడిరి. సమీపమున ఒక ఇంట ఎవరో గృహిణి పియానో సాధన చేయుచున్నది. తూటా పేలినంతనే వాద్యము ఆగును. ఆమె కిటికీనుండి తొంగిచూచి, ఏమియు తోచక, మరల వాయించుటకు కూర్చుండును. పోరాటము ముగియునప్పటికి ఇరువురును బురదలో మునిగి, పూలనడుమ వెల్లకిల పడి, కుక్కలవలె రొప్పుచుందురు. ఎవడు పరిశోధకుడో ఎవడు నేరస్థుడో గుర్తింపరాదు. అంతలో ప్రక్క త్రోవను బడిపిల్లలు పాడుకొనుచు పోవుదురు. ఆ పాట చెవిని పడగానే యూసా గొంతెత్తి ఏడ్చును. ఆ ఏడ్పునకు కారణము చెప్పబడలేదు. చెప్పబడకపోవుటచేతనే అది ప్రేక్షకుని హృదయమున చిరకాలము నిలుచుచున్నది. కరుణరసము పండిన స్థలమిదియే. అపరాధ పరిశోధన కథలు అద్భుతమునందు ముగియుట పరిపాటి. కరుణమునందు ముగియుట అరుదు.

ఇక దోషములు. మొదటిది చీకటి బజారు ఖండము. మురకామి సైనికవేషమున బజారులందు తిరుగు భాగము సుమారు తొమ్మిది నిమిషములు మాటలు లేకుండ నడచును. సహాయ దర్శకుడు ఇషిరో హోండా కెమెరాను దాచి, ఉయెనో మొదలగు చోట్ల నిజమైన చీకటి బజారులను చిత్రించినాడు. మిఫూనేకు బదులుగా నడకలందు ఆతడే కనబడినాడనియు ప్రసిద్ధి. చరిత్రకారునకు ఈ ఖండము అమూల్యము. ఆ వీధులు, ఆ ముఖములు మరియొకచోట ఇంత సజీవముగా దొరకవు. కాని కావ్యదృష్టిని చూచినచో, అంగమును అతిగా విస్తరింపజేయుట రసదోషమని మమ్మటుడు చెప్పిన లక్షణము దీనికి వర్తించును. అలసట యను భావము మొదటి నాలుగు నిమిషములలోనే సిద్ధించినది. మిగిలినది కెమెరా తన దొరకుబడిని విడువలేకపోవుటయే. కౌశలము మితిమీరినదను దర్శకుని ఫిర్యాదు ఈ ఒక్కచోట పూర్తిగా న్యాయము.

రెండవ దోషము దానికన్న లోతైనది. సాతో తన ఇంటికి మురకామిని పిలిచి, పిల్లలు నిద్రించుచుండగా, వసారాలో కూర్చుండబెట్టి బీరు పోయును. సన్నివేశము ఆరంభమున ఎంతయో సహజమైనది. కాని అచట ఇరువురును చిత్రముయొక్క తాత్త్వికార్థమును చర్చింప మొదలిడుదురు. తన వీపుసంచియు యుద్ధమునుండి వచ్చునపుడు దొంగిలింపబడెననియు, తానును దొంగ కావలసినవాడననియు, బుద్ధిపూర్వకముగా ఎదుటి త్రోవను ఎన్నుకొంటిననియు మురకామి చెప్పును. నేరస్థుని మనస్సును విశ్లేషించుట నవలాకారులకు విడువవలెననియు, పరిశోధకుడు చెడ్డవానిని చెడ్డవానిగానే చూడవలెననియు సాతో బదులిచ్చును. యుద్ధానంతర తరమును గూర్చి ఫ్రెంచి పదముతో ఒక చమత్కారమును దొర్లును. ఈ సంభాషణము అసత్యము కాదు, అనవసరము. యూసా అక్క ఇంటిలో వీపుసంచి ప్రస్తావన వచ్చినప్పుడు మిఫూనే ముఖమున కదలిన నీడ ఈ పోలికను అప్పటికే సూచించినది. సూచితమైనదానిని మరల పేరుపెట్టి చెప్పుట స్వశబ్దవాచ్యతా దోషము. శోకమను మాటను పలుకుటచేత శోకము పుట్టదని ప్రాచీనులు చెప్పిన న్యాయము చలనచిత్రమునకును తప్పదు.

ఈ దోషమే హరుమి సన్నివేశమున మరల తలయెత్తును. యూసా తెచ్చిన దుస్తులను ఆమె ఉరుములు మెరపులనడుమ ధరించి గిరగిర తిరుగును. లోకము చెడ్డది, దొంగిలింపని వారిదే పొరపాటు అను భావమును కేకలు వేసి చెప్పును. తల్లి కోపించి ఆ దుస్తులను బయటి వానలోనికి విసరివైచును. దుకాణపు అద్దములో దుస్తులను చూచి హరుమి ఆశపడగా, యూసా మొగము చిన్నబోయెనని అంతకుముందే తెలిసినది. ఆ చిన్నబోయిన మొగమే చాలును. దానిపై ఉరుములు, కేకలు, విసరివైచిన పట్టు అన్నియు అదనపు బరువులు. కేకో అవాజి అప్పటికి పదునారేండ్ల బాలిక. తెరపై నిర్లిప్తతను అద్భుతముగా చూపగలిగిన ఆ నటిచేత అతిశయమును పలికించుట దర్శకుని తొందరపాటు.

మూడవది కాకతాళీయమైన వాతావరణము. చిత్రమంతయు కమ్ముకొని వచ్చిన మబ్బు, సాతోపై తూటా పేలు రాత్రియే వర్షించును. ఎండను ఉద్దీపనముగా అంత సూక్ష్మముగా నడిపిన చేయి, వర్షమును నాటకపు తెరవలె దింపినది. హోటలు టెలిఫోను గొట్టము వ్రేలాడుచుండగా, అవతల మురకామి కేకలు వేయుచుండగా, ఇవతల వానలో సాతో కూలుట ఉత్కంఠను కలిగించును, సందేహము లేదు. కాని ఆ ఉత్కంఠ సామాన్య నేరచిత్రములదే. ఎండలో నడచిన ఆ సుదీర్ఘ వేదనకు అది తోబుట్టువు కాదు. ఆరంభమున వినబడు కథకుని కంఠమును ఇట్టిదే. కొంతదూరము నడిపి, పిమ్మట నిమిత్తము లేకయే మౌనము వహించును.

నాల్గవ విషయము దోషమో, కాలధర్మమో నిర్ణయించుట కష్టము. 1945 నుండి 1952 వరకు జపాను విదేశీ సైన్యముల ఆక్రమణలో నుండెను. ఆ సైన్యములను తెరపై చూపుటను, వానిని గూర్చి విమర్శించుటను పరిశీలకులు అనుమతింపకుండిరి. కనుక 1949 నాటి టోక్యో వీధులలో అమెరికను సైనికుడు కనబడడు. దారిద్ర్యము కలదు, తాకట్టు కలదు, అద్దె పిస్తోలు కలదు. ఈ స్థితికి పైనున్న అధికారము మాత్రము అదృశ్యము. ఫలితముగా, పరిస్థితులు మనుష్యుని చెరుపునా లేక మనుష్యుడే చెడునా యను చిత్రపు ముఖ్యప్రశ్నలో ఒక పక్షముయొక్క సాక్షులు హాజరు కాలేదు. సాతో మాటలకు చిత్రమున కొంత ఎక్కువ బరువు చిక్కుటకు ఇదియు ఒక కారణము కావచ్చును. చెప్పరానిదానిని సూచించుట కవి పని. ఆ పని ఇచట అరకొరగానే జరిగినది.

దోషములకు మూలమెక్కడ? సమాధానమునకు ఈ చిత్రముయొక్క పుట్టుక కొంత తోడ్పడును. కురొసావా దీనిని మొదట నవలగా వ్రాసినాడు. ఫ్రెంచి భాషలో అపరాధ నవలలు రచించిన జార్జి సిమెనన్ ఆతనికి అభిమాన రచయిత. ఆ ఫక్కిలో దాదాపు నలువది దినములలో నవలను ముగించినాడు. నవల సిద్ధముగా నున్నది గనుక కథనము తేలికగా కుదురునని తలచినాడు. కాని దానికి మరింత కాలము పట్టినది. నవలలో మనస్సును వర్ణించుటకుగల స్వేచ్ఛ తెరపై లేదని ఆతడు తెలిసికొన్నాడు. ఈ అనుభవము సాహిత్యవిద్యార్థులకు చిత్రముకన్న తక్కువ ఉపయోగకరమైనది కాదు. పైన దోషములుగా చూపిన సంభాషణ, కథకుని కంఠము, హరుమి ప్రలాపము ఈ మూడును నవలాశిల్పమునకు సహజములైన స్థలములు. నవలలో పాత్ర తన గతమును నెమరువేసికొనవచ్చును, కథకుడు వ్యాఖ్యానింపవచ్చును. ఆ వాక్యములు తెరపైకి వచ్చినప్పుడు ఇంకను కరగకుండ మిగిలిపోయినట్లు తోచును. పిస్తోలు, ఎండ, పియానో, పిల్లల పాట తెరకు స్వభావసిద్ధములైన సాధనములు. అవి పనిచేసినచోట ఒక్క లోపమును కానరాదు. ఒక వాఙ్మయరూపము మరియొక రూపములోనికి పరివర్తనము చెందునపుడు ఏది కరగును, ఏది గడ్డగట్టి మిగులును అను ప్రశ్నకు ‘వీధికుక్క’ మంచి దృష్టాంతము.

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును. జపాను చిత్రమును సంస్కృత అలంకారశాస్త్రముతో కొలుచుట న్యాయమా? ఆ దేశమునకు తన సౌందర్యశాస్త్రము కలదు. చలనచిత్రమునకు తన వ్యాకరణము కలదు. ఆక్షేపణ తోసివేయదగినది కాదు. కాని కొలబద్ద ఎవరిదను ప్రశ్నకన్న, అది వస్తువులో నున్నదానిని చూపుచున్నదా లేనిదానిని ఆరోపించుచున్నదా యను ప్రశ్న ముఖ్యము. ఆనందవర్ధనుడు తొమ్మిదవ శతాబ్దమున వాచ్యమునకును వ్యంగ్యమునకును నడుమ గీచిన గీత, తూటాల లెక్క ఎందువలన హృదయమునకు తగులుచున్నదో, వసారాలోని చర్చ ఎందువలన తగులుట లేదో తేటపరచుచున్నది. అంతవరకు దాని ప్రయోజనము. ఆ గీత ఏ దేశపు సుద్దతో గీచినదైనను నేలపై కనబడుచునే యుండును. పైగా ప్రాచీనసిద్ధాంతములను ప్రాచీనగ్రంథములకే పరిమితము చేసి, వానిని పరీక్షాపత్రములలో మాత్రమే బ్రతికించుట ఆ సిద్ధాంతములకు చేయు అపచారము.

పేరునుగూర్చియు ఒక మాట. ‘నోరా ఇను’ అనగా యజమాని లేని కుక్క. తెనుగున ‘వీధికుక్క’ యని గాని ‘ఊరకుక్క’ యని గాని అనక తప్పదు. కాని తెనుగు మాటలలో ఆ కుక్కకు యజమాని లేకున్నను ఒక వీధియో ఊరో కలదు. ఎవరో ఒకరు ఎంగిలి మెదుకులు విదల్చుదురు. జపాను పదమున ఆ ఆశ్రయము వినబడదు. యూసాకు వీధియు లేదు. అట్టి కుక్క పిచ్చికుక్కగా మారుటయే చిత్రములోని భయము. అనువాదము ఎంత సరియైనదైనను ఇంత తేడా మిగులును; ఆ తేడాను గుర్తించుటయే తులనాత్మక పరిశీలనకు ఆరంభము.

భారతీయ భాషల పరిశోధకులకు ఈ విచారముతో పని యేమి? అపరాధ పరిశోధన వాఙ్మయము ఈ ఉపఖండపు భాషలలో విస్తారముగా పెరిగినది. వంగభాషలో శరదిందు బందోపాధ్యాయ 1932లో వ్యోమకేశ బక్షిని సృష్టించి, ఆతనికి సత్యాన్వేషి యను బిరుదమును తగిలించినాడు. ఉర్దూలో ఇబ్నె సఫీ ‘జాసూసీ దునియా’ 1952లో అలహాబాదునుండి వెలువడ నారంభించినది. తెనుగున కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివు యుగంధర్ ఒక తరము పాఠకులకు ఇంటిపేరువలె పరిచితుడు. శరదిందు నవల ఆధారముగా సత్యజిత్ రాయ్ 1967లో ‘చిడియాఖానా’ యను నలుపు తెలుపు చిత్రమును తీసినాడు. దానికి ఉత్తమ దర్శకునిగా జాతీయ పురస్కారము లభించినను, ఆ చిత్రము ఆతనికి తృప్తినీయలేదు. ఇంత వాఙ్మయమును పాఠకులు కోట్లకొలది పుటలుగా చదివిరి. విశ్వవిద్యాలయములు మాత్రము చాలకాలము దీనిని కాలక్షేపమని ప్రక్కకు నెట్టినవి. ఆ నిర్లక్ష్యమునకు కారణము పైన చెప్పిన కొలబద్దయే. చిక్కుముడిని మాత్రమే చూచువానికి, ముడి విడిన పిమ్మట మిగులునది దారపు ముక్క మాత్రమే.

‘వీధికుక్క’ చూపిన ప్రశ్నలతో ఆ రచనలను మరల చదువవలసి యున్నది. వానిలో నేరస్థునకు పేరు మాత్రమే కలదా, లేక ఇల్లు, జీతము, రేషను కార్డు కలవా? తాకట్టు పెట్టిన బియ్యపు కార్డు అర్థమును ఈ దేశపు పాఠకునకు వివరింపనక్కరలేదు. రెండవ ప్రపంచయుద్ధకాలమునుండి ఆ కార్డు ఇచటి కుటుంబముల గోడమేకులకును వ్రేలాడినది. విభజనకాలపు నిరాశ్రయులు, కొలువులు పోయిన సైనికులు, నగరములకు వలసవచ్చిన గ్రామీణులు ఆ నవలలలో ఏ రూపమున ప్రవేశించిరి? పరిశోధకుడు నేరస్థునిలో తన ముఖమును ఒక్కమారైనను చూచుకొనినాడా? ఈ ప్రశ్నలకు లేదు అను సమాధానము వచ్చినను అది విలువగల ఫలితమే. ఆ లేకపోవుట ఎందువలనయని అడుగుటకు అప్పుడు త్రోవ ఏర్పడును.

గుణదోషములను రెండు తక్కెడలలో నిడి తూచినచో గుణముల వైపే ముల్లు మొగ్గును. అంగాతివిస్తృతి కలదు, స్వశబ్దవాచ్యత కలదు, వాన తెచ్చిపెట్టుకొన్నది. చిత్రము తుదిభాగమున సైతము ఆసుపత్రి మంచముపైనుండి సాతో, కాలక్రమమున యూసాను మరచిపోవుదువని మురకామికి బోధించును. ఇదియు వాచ్యమే. కాని ఈసారి వాచ్యము ఓడిపోయినది. సాతో చెప్పిన మాటను మురకామి నమ్మినట్లు మిఫూనే ముఖము చెప్పదు. ఆతడు కిటికీవైపు చూచుచుండును. బురదలో విన్న ఏడ్పును విన్నవారెవరును సాతో సలహాను పాటింపజాలరు. తన మాటను తానే ఖండించుకొనగలిగినంత బలము ఆ దృశ్యమునకు దర్శకుడే యిచ్చినాడు. ఆలోచన లేని చిత్రమునకు అది సాధ్యము కాదు.